మడకి వీపు పెట్టిన మేడ

ఆర్కిటెక్టమ్మ మడ అడవి కోసం మేడ కట్టిస్తే, అది తీరా ఆమె మెడకే చుట్టుకుంది.

ఊరి చివర ఉప్పునీటి పాయలో వేళ్లు బయటపెట్టుకుని నిలబడ్డ మడచెట్లను ఊళ్లో ఎవరూ చూడరు. చూడనిది పోయినా ఎవరికీ పట్టదు గనక, అక్కడ మట్టి పోసి కార్లు నిలుపుకుందామని కార్పొరేషన్ ఆలోచన. "అద్దాల మేడ కడతాను సార్, జనం వచ్చి చూస్తారు. చూడకపోతే మట్టి పోసుకోండి" అని ఆర్కిటెక్టమ్మ కమిషనర్ని బతిమాలి ఒప్పించింది. పని కాంట్రాక్టరు బాబాయికి అప్పగించింది. అంతలో కాలు విరిగి మంచమెక్కింది.

కట్టు విప్పించుకుని వచ్చి చూస్తే కళ్లు తిరిగాయి. మేడ అంతకుముందే తిరిగిపోయింది. గీతలు రెండువైపులా కనబడే పల్చటి ట్రేసింగ్ కాగితం మీది ప్లానును బాబాయి తిరగేసి పట్టుకున్నాడు! గోడంత అద్దమేమో రోడ్డువైపు, ఎదుటి బాల్కనీల్లో ఆరేసిన బనియన్లకు ఎదురుగా. అడవివైపేమో మరుగుదొడ్డి.

"బాబాయ్, అడవేదీ?"

"ఉందిగా అమ్మడూ! బాత్‌రూమ్ కిటికీలోంచి భేషుగ్గా కనిపిస్తుంది."

"అడవి చూడ్డానికి జనం దొడ్లోకెళ్లాలా?"

"ఎలాగూ వెళ్తారు కదే!"

వెళ్లారు. వెళ్లినవాళ్లు ఓ పట్టాన బయటికి రాలేదు. హాల్లో అద్దం ముందు ఈగ కూడా లేదు గానీ, ఆ తలుపు ముందు మాత్రం మడ కోసం మడమలు నొప్పెట్టేలా నిలబడ్డారు జనం. "ఎర్రపీత చూశావా? ఒంటిచేత్తో రమ్మంటోంది!" అంటూ బయటపడ్డవాళ్లు మళ్లీ వరస చివరికే పోయారు. మరుగునపడ్డ అడవి మరుగుదొడ్డిలో బయటపడింది.

తనిఖీకొచ్చిన కమిషనర్ మాత్రం తిన్నగా హాల్లోకెళ్లి, బనియన్లను చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఇదేనమ్మా మీ అడవి? రేపే మట్టి పోయిస్తా." ఆగి, గొంతు తగ్గించి, "ఇంతకీ... బాత్‌రూమ్ ఎటు?" అన్నాడు.

వెళ్లిన మనిషి ఎంతకీ రాడు. ఆర్కిటెక్టమ్మ గుండె దడదడలాడింది. బాబాయి తలుపు దబదబలాడించాడు.

"సార్, బానే ఉన్నారా?"

"ష్! చేప చెట్టెక్కుతోంది!"

"ఏంటీ?"

"అయ్యో, జారింది... ఎక్కవే తల్లీ, ఎక్కు!"

చివరికి వెలిగిపోతున్న మొహంతో బయటికొచ్చాడు. "బంగారంలాంటి చేపమ్మా! దాని నెత్తిన మట్టి పోయమన్న వెధవ ఎవడు?"

"మీరే" అనబోయిన బాబాయి కాలు తొక్కింది ఆర్కిటెక్టమ్మ.

"పోసేది లేదు! ఈ దొడ్డి రోడ్డువైపు మార్చి, ఇక్కడ గోడంత అద్దం పెట్టండి" అని చెప్పి కమిషనర్ మళ్లీ లోపలికెళ్లి గడియ పెట్టుకున్నాడు.

"చూశావా, అంతా నా చలవే!" అని మీసం దువ్వుతూ బాబాయి కొత్త ప్లాను కోసం చెయ్యి చాపాడు.

ఆమె ఈసారి దళసరి అట్ట మీద గీసింది. తిరగేస్తే ఏమీ కనబడదు.