ఎవరి గుమ్మం దగ్గర వాళ్ళు

భూకంపం వచ్చిన ఐదో నెలలో మా సందును కొలవడానికి మనుషులు వచ్చారు. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ నాకు నోట్లోకి ముద్ద పోదు.

మాది పాత పేట. వందల ఏళ్ళ నాటిదని సందు మొదట్లో బోర్డు కూడా ఉండేది. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు అక్కడ నిలబడి ఫొటోలు దిగేవారు. రెండు వరసల ఇళ్ళు, మధ్యలో తొమ్మిది అడుగుల దారి. అందులోనే సైకిళ్ళు, నీళ్ళ డ్రమ్ములు, ఎవరి అరుగు వాళ్ళది. ఏ ఇంట్లోనైనా సిలిండరు పేలితే ఫైరింజను ఎటునుంచి వస్తుందని నేను ఏళ్ళ తరబడి మొత్తుకున్నాను. నన్ను చూడగానే పిల్లలు చెవులు మూసుకునేవారు. నాకు సైరనత్త అని పేరు పెట్టింది వాళ్ళే. పెద్దవాళ్ళు కూడా ఆ పేరే ఖాయం చేశారు.

ఫైరింజను సంగతి అలా ఉంచండి, అంబులెన్సు కూడా రాలేకపోయింది. రెండువైపుల ఇళ్ళూ దారిలోకే కూలాయి. ఎదురింటి టైలరు భార్య కాళ్ళ మీద దూలం పడింది. దూలం తీసేశారు, మనిషి మాట్లాడుతూనే ఉంది. బండేమో సందు మొదట్లో, పదహారిళ్ళ అవతల ఆగిపోయింది. దుప్పట్లో వేసుకుని రాళ్ళ గుట్టల మీదుగా మోసుకుపోయేసరికి రెండు గంటలు పట్టింది. ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. "మిషను మీద గుడ్డ కప్పమని చెప్పు వదినా, దుమ్ము పడుతుంది" అంది. బండి దగ్గరికి వెళ్ళేసరికి ప్రాణం లేదు.

అందుకే కొత్త ప్లానులో దారి పదిహేను అడుగులు చేస్తారంటే, నాకు చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్ర పట్టింది. పద్ధతి చాలా తేలిక. పాత నక్షాలున్న ఆఫీసు కూడా కూలిపోయింది కాబట్టి ఎవరి గుమ్మం ఎక్కడుండేదో వాళ్ళనే నిలబడి చూపించమంటారు. అక్కడినుంచి ప్రతి ఇల్లూ మూడడుగులు వెనక్కి కట్టుకోవాలి. అటు మూడు, ఇటు మూడు, మధ్యలో తొమ్మిది.

మా అమ్మాయికి సర్వేయరు దగ్గర టేపు పట్టుకుని అంకెలు రాసే పని దొరికింది. చేర్చుకునేటప్పుడే ఆయన గట్టిగా చెప్పాడట: "నువ్వు ఈ సందుపిల్లవి. ఎవరి గుమ్మం ఎక్కడో నువ్వు నోరు విప్పకూడదు. రేపు మీ ఇంటికి లాభం చేశావంటారు."

ఇక మా వాళ్ళ తెలివి చూడండి. స్కూలు గ్రౌండులో రేకుల షెడ్లలో ఉంటున్నాం కదా, అక్కడ మగవాళ్ళంతా కూడబలుక్కున్నారు. మూడడుగులు పోకుండా ఉండాలంటే మూడడుగులు ముందుకు నిలబడితే సరి! ఈ ఉపాయం చెప్పింది ట్యూషను మాస్టారు. మా పిల్లలందరికీ నీతి పాఠాలు చెప్పింది ఈయనే.

మా ఆయన పనికి పోతూ నాకు అప్పగింతలు పెట్టాడు.

"నువ్వు కూడా మూడడుగులు ముందుకు నిలబడు. మర్చిపోకు."

"అందరూ జరిగితే దారి మళ్ళీ తొమ్మిదడుగులే కదండీ? భూమి మళ్ళీ కదిలితే?"

"మొదలెట్టింది సైరను! అందరూ జరిగి మనమొక్కళ్ళమే జరక్కపోతే పోయేది మన వంటిల్లే. రేపటినుంచి నెత్తి మీద వండుతావా?"

మా ఇల్లే అగ్గిపెట్టె, అందులో వంటగది మూడడుగులు. రెండూ ఆలోచించుకుంటూ వెళ్ళి, చివరికి అడుగున్నర ముందుకు నిలబడ్డాను. సగం భయం దారి కోసం, సగం భయం పొయ్యి కోసం.

రాళ్ళన్నీ ఎత్తేశాక సందు చదును నేలలా ఉంది, ఎక్కడా గోడ లేదు. ఆ ఖాళీలో మనుషులు రెండు వరసల్లో లేని గుమ్మాల ముందు నిలబడ్డారు. నిలబడి ఊరుకుంటేనా! సర్వేయరు అటు తిరిగితే ఇటువాళ్ళు కాలు జరుపుతారు, ఇటు తిరిగితే అటువాళ్ళు. కాసేపటికి రెండు వరసలూ ముక్కు ముక్కు రాసుకునేంత దగ్గరికొచ్చాయి. మాస్టారు కళ్ళు మూసుకుని ధ్యానంలో ఉన్నట్టు నిలబడి, కాలి వేళ్ళతో పాకుతున్నాడు.

సర్వేయరు టేపు చూసి మురిసిపోయాడు. "మూడడుగుల సందు! ఆ కాలం వాళ్ళు ఎంత పొందికగా బతికారో!"

మా అమ్మాయి తల వంచుకుని రాసింది. కలం ఆగిపోయింది. నా వైపు చూసింది, మళ్ళీ రాసింది. దాని మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

నాకెదురుగా టైలరు. అతని చొక్కా గుండీలు లెక్కపెట్టేంత దగ్గర. భార్య పోయి ఐదు నెలలు. నన్ను చూసి నవ్వాడు.

"ఏం వదినగారూ, వెనకబడ్డారే! ఇంకొంచెం ముందుకు రండి, మీ ఇంట్లోంచి మా ఇంట్లోకి కూర గిన్నె అందించుకోవచ్చు."

అటూ ఇటూ అందరూ నవ్వారు. ఆమె చెయ్యి నా చేతిలో చల్లబడ్డ రోజు ఈ మనిషి ఇదే నేల మీద పడి పొర్లాడు.

"సిగ్గులేదూ నీకు?" అన్నాను. "ఆవిడ నీ కోసం మిషను మీద గుడ్డ కప్పమంటూ పోయింది. బండి ఎక్కడ ఆగిందో మర్చిపోయావా?"

"ఆ మిషను పెట్టుకోడానికే ఈ మూడడుగులు. ఇంకేం మిగిలింది నాకు? మీ పని మీరు చూసుకోండి."

నేను సర్వేయరు వెంట వచ్చిన కూలీ చేతిలోంచి పలుగు లాక్కున్నాను. ఎక్కడ తవ్వాలో నాకు తెలుసు. ప్రతి ఇంటి గుమ్మాన్ని ఆనుకుని జానెడు వెడల్పు రాతి కాలువ ఉండేది, మురుగంతా అందులోనే పోయేది. మా పిల్ల చిన్నప్పుడు ఎక్కడ పడిపోతుందోనని నేను కళ్ళలో ఒత్తులు వేసుకుని కాసిన కాలువ అది. టైలరు వెనక్కి వెళ్ళి రెండు పోట్లు పొడిచాను. రాయి తగిలింది. మూడో పోటుకి నల్లటి బురద, ఐదు నెలలు మాగిన కంపు భళ్ళున బయటికొచ్చాయి. అందరూ ముక్కులు మూసుకున్నారు.

"సార్, కాలువ ఇక్కడుంది, ఈయనేమో అక్కడున్నాడు. వీళ్ళింటి మురుగు నట్టింట్లోంచి పారేదా? అడగండి!"

సర్వేయరు కాలువనూ టైలరునూ మార్చి మార్చి చూశాడు. ఆయన ముఖంలో మురిపెం జారిపోయింది.

"మరి ఈవిడ వైపు కూడా తవ్వించండి!" అని అరిచాడు టైలరు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. కోపంలో నా అడుగున్నర సంగతే మర్చిపోయాను. నన్ను మళ్ళీ నా చోటే నిలబెట్టి కూలీలు తవ్వారు. మా కాలువ కూడా బయటపడింది, నేను నిలబడ్డ చోటికి వెనకే. మా అమ్మాయి టేపు పట్టింది. ఇప్పుడు అది చెప్పవలసింది ఎవరి గుమ్మం ఎక్కడో కాదు, టేపు మీది అంకె.

"అడుగున్నర ముందుకుంది సార్," అంది. తర్వాత నెమ్మదిగా, "వెనక్కి రా అమ్మా."

అంతమందిలో భూమి మళ్ళీ విడిపోతే బాగుండుననిపించింది. వెనక్కి జరిగాను. నా ఒళ్ళు నాకే కంపు కొట్టింది. మాస్టారు మాత్రం ఎవరూ చెప్పకముందే మూడడుగులు వెనక్కి వెళ్ళి, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు ముఖం పెట్టాడు.

సాయంత్రానికి కాలువ పొడవునా తవ్వి, అక్కడినుంచి మూడేసి అడుగులు కొలిచి సున్నంతో గీతలు వేశారు. పదిహేను అడుగులు. షెడ్లలో నాతో ఒక్కరూ మాట్లాడలేదు. మా ఆయన కంచం తోసేశాడు.

"వంటిల్లు ఊళ్ళో వాళ్ళకి దానం చేసొచ్చావు. సంతోషమా?"

"బతికుంటే మెట్ల కింద వండుతాను."

"నీకు అన్నిటికీ చావే!"

"దాన్ని చూశాను కాబట్టి."

సర్వేయరు రాతి హద్దులు పాతేది మర్నాడు పది గంటలకి. అప్పటిదాకా సున్నం గీతే దిక్కు. చీపురుతో నాలుగు దులుపులు దులిపితే పోతుంది. ఎవరు దులుపుతారోనని నాకు ఒక్కొక్క ముఖమే కనిపించడం మొదలుపెట్టింది. ముందుగా మా ఆయన ముఖమే. తెల్లవారగానే ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్ళి మా ఇంటి గీత మీద వేసుకుని కూర్చున్నాను. కాలువ ఇంకా కంపు కొడుతోంది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను గానీ లేవలేదు.

ఏడింటికి టైలరు వచ్చాడు. చేతిలో చీపురు లేదు, చిన్న స్టూలు ఉంది. "ఎందుకొచ్చావు?" అని అడిగాను. స్టూలు తన గీత దగ్గర వేసుకుని, నా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. కాళ్ళు మాత్రం గీతకి అవతల, తన ఇంటి వైపే పెట్టుకున్నాడు.

పది దాకా అలాగే కూర్చున్నాం.