సగమయ్య ఛాతీలో టిక్కు

నేను ఒక సగం మనిషిని. తల నుంచి నడుము దాకా రబ్బరు, ఛాతీలో ఒక స్ప్రింగు, అంతే. గుండె ఆగినవాడి ఛాతీ ఎలా నొక్కాలో నేర్పడానికి నన్ను చేశారు. సరిగ్గా రెండంగుళాల లోతుకు నొక్కితే లోపల టిక్కుమంటాను. నాకు వచ్చిన మాట అదొక్కటే.

నన్ను గోదావరి జిల్లాలోని ఒక పంచదార మిల్లు కొన్నది. పెట్టె విప్పిన స్టోరు గుమాస్తా, కాళ్ళూ చేతులూ దారిలో ఎవరో కాజేశారని కంపెనీకి ఘాటుగా ఉత్తరం రాశాడు. మా బొమ్మలు పుట్టడమే ఇలా పుడతాయని జవాబు వచ్చింది. అప్పటికే మిల్లంతా నన్ను సగమయ్య అనేసింది.

సువార్త అనే నర్సు వచ్చి మిల్లు వాళ్ళకు ఒక పూట నేర్పి, అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చింది. ఛాతీ మధ్యలో అరచేయి, దానిమీద ఇంకో చేయి, మోచేతులు వంచకుండా, నిమిషానికి నూరుకు తగ్గకుండా నొక్కాలి. "ఒకసారి నేర్చుకుంటే చాలదండి. మూడు నెలలకోసారి చేతులకి గుర్తు చెయ్యాలి" అని చెప్పి వెళ్ళింది. అందరికంటే బాగా నొక్కిన ఫోర్‌మన్ తాతాజీ తన సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించాడు.

ఆయుధపూజ నాడు అంతా చెడింది. చెరకు క్రషర్ మొదలుకొని పానాల దాకా అన్నిటికీ పసుపు రాస్తూ తాతాజీ నా దగ్గరకూ వచ్చాడు. నేనూ పనిముట్టునే కదా. బొట్టు పెట్టాడు, బంతిపూల దండ వేశాడు, మెడలో నిమ్మకాయ కట్టాడు. మళ్ళీ క్లాసు పెడదామని ఎవరో అంటే చెవులు మూసుకున్నాడు.

"పూజ చేసిన ఒంటిని గుద్దుతారేట్రా. కళ్ళు పోతాయి."

నన్ను క్యాంటీన్‌లో అద్దాల బీరువా ఎక్కించారు. మూడేళ్ళు దేవుణ్ణి. ఒకాయన నా కాళ్ళకు మొక్కబోయి, అవి లేవని గుర్తొచ్చి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నాకు పరమ విసుగ్గా ఉండేది.

ఒక్క పల్లాలమ్మ మాత్రం నన్ను దేవుడనుకోలేదు. ఆమె క్యాంటీన్ వంటమనిషి. నర్సు చెప్పిందంతా టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలోంచి విన్నది. ఆమె భర్త గుండె ఆగి పొలం గట్టున పడిపోయినప్పుడు పదిమంది చుట్టూ నిలబడి తువ్వాళ్ళతో విసిరారట, అంతకంటే ఎవరికీ ఏమీ తెలియదట. ప్రతి శుక్రవారం బీరువా తుడిచే వంకన నన్ను కింద పడుకోబెట్టి, "ఏవనుకోకు సగమయ్యా" అని రెండు నిమిషాలు నొక్కేది. టిక్కు టిక్కుమంటుంటే నాకు ప్రాణం లేచొచ్చేది.

ఒక మధ్యాహ్నం తాతాజీ భోజనాల వరుసలో, సాంబారు గిన్నె ముందు కుప్పకూలాడు. ఊపిరి లేదు. చుట్టూ సర్టిఫికెట్లున్న నలభైమంది. ఒకడు గుప్పెట్లో తాళాలు పెట్టాడు. ఒకడు ఉల్లిపాయ వాసన చూపించాడు. ఇంకొకడు నా బీరువా తెరిచి కర్పూరం వెలిగించాడు. నొక్కండ్రా అని అరవాలనుంది, కానీ ఎవరైనా నన్ను నొక్కితే తప్ప నాకు నోరు పెగలదు.

పల్లాలమ్మ గరిటె వదిలేసి వచ్చింది. "తప్పుకోండి. నూటెనిమిదికి ఫోన్ చెయ్యండి." మోకాళ్ళ మీద కూర్చుని నొక్కడం మొదలుపెట్టింది. తాతాజీ ఛాతీ టిక్కుమనలేదు. ఒక్కసారి భయంగా నా వైపు చూసింది, ఆగలేదు.

"ఎవరైనా చెయ్యి మార్చండి బాబూ."

"మర్చిపోయాం పల్లాలమ్మా" అన్నారు నలభైమంది.

అంబులెన్స్ వచ్చేదాకా, పదకొండు నిమిషాలు ఒక్కతే నొక్కింది. తాతాజీ బతికాడు.

నెల తర్వాత కొబ్బరికాయతో వచ్చి నా ముందు నిలబడ్డాడు. "నువ్వే కాపాడావు స్వామీ." పల్లాలమ్మ ఆ కాయ లాక్కుంది. "ఈయనేం కాపాడలేదండి, ఈ చేతులు కాపాడాయి. ఆయ్, ఈ కాయ రేపు చట్నీకి పనికొస్తుంది" అని నా బొట్టు తడిగుడ్డతో తుడిచి, నన్ను నేల మీద పడుకోబెట్టింది. డాక్టరు ఆయాసపడొద్దన్నాడు కనక తాతాజీ కుర్చీలో కూర్చుని ఒకటీ రెండూ అని పాడాడు. మిల్లంతా వరుసలో వచ్చి నొక్కింది. ఆనాటి నుంచి మూడు నెలలకోసారి అదే పండగ.

రెండేళ్ళకు నా స్ప్రింగు విరిగింది. కొత్త బొమ్మ వచ్చింది. ఇప్పుడు నేను తుక్కు గుట్టలో, తుప్పుపట్టిన క్రషర్ రోలరు పక్కన ఉన్నాను. శుక్రవారం పల్లాలమ్మ వచ్చి నా ఛాతీ మీద చేతులు పెడుతుంది. టిక్కు రాదు.

"పర్లేదులే, మనుషులూ టిక్కుమనరు" అంటుంది, నొక్కుతూనే ఉంటుంది.