నాలుగో అంగీ

పొద్దున్నే దుకాణం తలుపులు తీసి, ఎదురుగా మెమ్మో నడిపే బారులో నిలబడి కాఫీ తాగడం దర్జీ ఇజీనియోకి అలవాటు. వాటికన్ గోడని ఆనుకున్న బోర్గో వీధిలో అది తాతలనాటి దుకాణం. పోపుగారు పోయారు. కొత్తవారు ఎవరో, ఎంత ఎత్తో తెలియదు కాబట్టి మూడు తెల్ల అంగీలు కుట్టి పంపాలి: చిన్నది, నడిమిది, పెద్దది. ఈసారి ఆ పని ఇజీనియోకి వచ్చింది.

బారులో అందరి నోటా ఒకటే మాట, పాపాబిలే. పోపు కాదగినవాడని అర్థం. మామూలు రోజుల్లో దాన్ని క్లబ్బు ప్రెసిడెంటుగా నిలబడేవాడికీ వాడతారు. మెమ్మో అయితే తన కూతుర్ని అడగవచ్చిన కుర్రాళ్ళకి కూడా వాడాడు, వాళ్ళెవరూ పనికిరాలేదు, అది వేరే సంగతి. కానీ పీఠం ఖాళీగా ఉన్నప్పుడు, పోపుని తమలోంచి ఎన్నుకునే పెద్దల్లో ఒక కార్డినల్‌ని ఆ మాట అంటే, అన్నప్పుడల్లా ఆయన కాస్త పొట్టి అవుతాడు. బోర్గోలో అది చలికాలం వానలాంటిదే, ఎవరూ వింతపడరు. ఊరంతా పేరు చెప్పుకున్న పెద్దమనిషి ఆ మూడు అంగీల్లో దేనికీ సరిపోక, ఎన్నిక గదిలోంచి కార్డినల్‌గానే బయటికొస్తాడు.

అన్నీ తెలిసే ఇజీనియో రోజూ కప్పు పట్టుకుని, "మన ఒరెస్తే పాపాబిలే కదూ!" అంటున్నాడు. కార్డినల్ ఒరెస్తే అతని చిన్ననాటి నేస్తం. గురువారం సాయంత్రాలు దుకాణం వెనకగదిలో ఇద్దరూ పేకాడతారు. పోపయినవాడు పేకాటకి రాడు. అంతకన్నా కారణం లేదు.

ఒక మధ్యాహ్నం ఒరెస్తే అంగీ ఈడ్చుకుంటూ వచ్చాడు.

"ఒరే, అంచు మడిచి కుట్టరా. కాళ్ళకి అడ్డం పడుతోంది. ఎవరికో నా మీద ప్రేమ పొంగిపోతున్నట్టుంది."

"పత్రికలవాళ్ళు వెధవలు," అన్నాడు ఇజీనియో, నేలమీద మోకరిల్లి, తలెత్తకుండా.

"నవ్వకు గానీ, నాకు పోపుని కావాలనే ఉందిరా. కొత్త పోపు వచ్చి నిలబడే ఆ బాల్కనీ కిందే కదా మా అమ్మ చెస్ట్‌నట్ గింజలు వేయించి అమ్మింది. ఒక్కసారి అక్కణ్ణుంచి ఆ మూలని చూడాలని."

ఆవిడ పొట్లం కట్టి ఊరికే పెట్టిన గింజలు ఎన్ని తిన్నాడో ఇజీనియోకి గుర్తుంది. గుండుసూది వేలికి గుచ్చుకుంది.

ఒరెస్తే వెళ్ళాక, లోపలినుంచి వింటున్న భార్య అర్జియా బయటికొచ్చింది.

"బారులో నీ వాగుడు వీధంతా వింది. ఇప్పుడీ ఏడుపుమొహం ఎవరికోసం?"

"ఏం చెయ్యమంటావే?"

"నోటితో కత్తిరించావుగా. చేత్తో కుట్టు."

మిగిలిన తెల్లగుడ్డ పరిచి, ఇందాక ఒరెస్తే మీద చూసుకున్న కొలతలతో, పిల్లవాడికి కుట్టినంత అంగీ కుట్టాడు. దాన్ని చిన్న అంగీ మడతలో దాచి, వాటికన్‌కి పంపే పెట్టె మూశాడు.

పోపు ఎన్నికయ్యారని తెల్లపొగ వచ్చింది. చర్చి ముందరి చౌకు కిక్కిరిసింది. బాల్కనీ తలుపులు తెరుచుకున్నాయి గానీ, మొదట పిట్టగోడ మీద ఒక చెయ్యి మాత్రమే కనబడింది. ఎవరో పీట తెచ్చి వేశారు. అప్పుడు లేచింది ఒరెస్తే మొహం. భుజాల దగ్గర అంగీ చక్కగా అమరింది. ఆయన జనాన్ని చూడలేదు, ముందు ఆ మూలకేసి చూశాడు.

గురువారం సాయంత్రం ఇజీనియో వెనకగదిలో ఇద్దరికీ ముక్కలు పంచాడు. ఎదుటి కుర్చీ వైపు కళ్ళెత్తకుండా రెండు పక్కలా తనే ఆడాడు. ఎప్పటిలాగే ఒరెస్తే గెలిచాడు.