ఇస్త్రీకాలు

నోటినిండా నీళ్ళు పట్టి, బుగ్గలు పూరించి, బయ్యూమీ తన కొట్లో బల్ల మీద పరిచిన ఇమాం గారి ఉన్ని అంగీ మీదికి ఫూమని చిమ్మాడు. పొయ్యి మీది ఇస్త్రీపెట్టెను దించి, దాని పొడవాటి పిడిని చేత్తో పట్టుకుని, పైనున్న చెక్క మీద కుడికాలు మోపి, ఒళ్ళు బరువంతా వేసి తోశాడు. బల్ల మోకాలెత్తు కూడా ఉండదు. నడుం వంచి, ఎడమకాలి మీద నిలబడి, కుడికాలితో ముందుకూ వెనక్కూ తోస్తూంటే, కొత్తవాళ్ళు ఆగి చూసి మరీ పోతారు. ఆ వీధిలో మిగతావాళ్ళంతా ఏనాడో కరెంటు పెట్టెలకు మారిపోయారు. బరువైన ఉన్ని బట్టలకు కాలే నయమని బయ్యూమీ పట్టుదల.

కాలు పనిలో ఉందిగాని, పొద్దుటినుంచీ చెవులు మాత్రం గుమ్మం దగ్గరే ఉన్నాయి. అక్కడ అతని భార్య ఫిక్రియా, పక్కింటి హమాదా వాళ్ళమ్మతో పీటలు వేసుకు కూర్చుని, అలెగ్జాండ్రియా ప్రయాణం మాట్లాడుతోంది. ఆ సాయంత్రమే కైరోలో బయలుదేరి, అక్కడ రెండు రోజులుండి రావాలని పేటవాళ్ళంతా కలిసి వ్యాను మాట్లాడుకున్నారు. దానికి పెత్తనం హమాదా వాళ్ళమ్మది.

"పొద్దున్నే కోట చూసేద్దాం. ఎండెక్కితే ఆ రాళ్ళమీద నడవలేం," అంది ఫిక్రియా.

"కోటలో ఏముందే? నాకు ముందు కడుపులో చేపలు పడాలి."

"చేపలకి అంఫూషీ పోదాం. నేను పుట్టిన పేటేగా! పడవలు కట్టేచోటికి పక్కనే కాలుస్తారు. తర్వాత ట్రామెక్కి ఆ చివరిదాకా పోదాం. అక్కడ తోటలో కాసేపు నడుం వాల్చుదాం."

అంఫూషీ అనగానే బయ్యూమీ కాలు ఆగింది. పడవలు కట్టేచోటనేసరికి పెట్టె ఉన్ని మీదే ఉండిపోయింది. ఉన్ని కమురు వాసన వచ్చాక గాని పెట్టె కదిలించలేదు.

ఆ పడవలు చెక్కతో కట్టే వడ్రంగి రిజ్క్. ఫిక్రియాకు బాబాయి కొడుకు. వాళ్ళవైపు ఆడపిల్ల మీద మొదటి హక్కు బాబాయి కొడుకుదే. అలాంటిది, ఫిక్రియా రిజ్క్‌ను కాదని కైరో ఇస్త్రీవాణ్ణి చేసుకుంది. ఎందుకు కాదందో బయ్యూమీ ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

పెళ్ళయిన కొత్తలో అత్తగారింటికి వెళ్ళినప్పుడు అందరూ కలిసి సముద్రానికి పోయారు. బయ్యూమీ కూడా బూట్లు విప్పాడు. చిన్నతనం నుంచీ పెట్టె తోసిన కుడిపాదం అప్పటికే అట్టులా పరుచుకుపోయింది. వేళ్ళు ఎడమెడంగా విచ్చుకున్నాయి. మడమ చుట్టూ కాలిన మచ్చలు. పక్కన పెట్టి చూస్తే ఎడమపాదం ఇంకెవరిదో అనిపిస్తుంది. రిజ్క్ అలల్లోంచి పరుగెత్తుకొచ్చాడు. వాడి పాదాలు నున్నగా, తీర్చినట్టున్నాయి. వచ్చి ఫిక్రియా చెవిలో ఏదో అన్నాడు. ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వు తన కాలు చూసేనని బయ్యూమీ తేల్చేసుకున్నాడు. అక్కడికక్కడే బూట్లు తొడుక్కున్నాడు. ఆ తర్వాత వాడి పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు. ఒకసారి ఆమె నోరుజారి ఆ పేరంటే అన్నం పళ్ళెం గోడకు విసిరికొట్టాడు.

ఏటా వేసవి రాగానే ఆమె ప్రయాణం పెడుతుంది. ఏటా అతనికేదో పని అడ్డం పడుతుంది. "నువ్వు రాకపోతే నేనెందుకులే," అని ఆమె సర్దిన సంచి విప్పేస్తుంది. ఆ మాట వినడమంటే అతనికి లోపల్లోపల ఎంతో ఇష్టం.

మధ్యాహ్నం ఫిక్రియా ముదురు నీలం గౌను తెచ్చి బల్లమీద పెట్టింది.

"కుచ్చిళ్ళు కత్తిలా నిలబడాలి, బయ్యూమీ."

"ఎవడు చూడాలని?"

"సముద్రం చూస్తుంది. ఇంకెవరు చూస్తారు నా మొహాన్ని?"

ఒక్కో కుచ్చీ దిద్దుతూంటే అతనికి ఒళ్ళు మండిపోయింది. సొంత చెల్లెలి పెళ్ళికి కూడా ఇంత శ్రద్ధగా అడగలేదే! రంపం పట్టుకుని పడవ పక్కన నిలబడే ఆ వెధవ కళ్ళకోసం, కట్టుకున్న మొగుడు కాలు కాల్చుకుని కుచ్చిళ్ళు పెట్టాలి. పెట్టెను కాసేపు అలాగే వదిలేస్తే చాలు, గౌనూ ఉండదు, ప్రయాణమూ ఉండదు. వదిలేద్దామనే అనుకున్నాడు. కాలు మాట వినలేదు. అదను దాటకముందే అలవాటు కొద్దీ దానంతటదే పెట్టెను జరిపేసింది. గౌను మాత్రం అద్భుతంగా వచ్చింది.

ఆ కోపంతోనే గౌను ఇచ్చేసి హమాదా వాళ్ళమ్మ దగ్గరికి పోయాడు.

"నా సీటు మీ చెల్లెలికిచ్చెయ్. నాకు వీలుపడదు."

"ఇదేం పోయేకాలం, ఉస్తాద్? పాపం దానికి సీటు లేదంటే పొద్దున ఏడ్చిపోయింది. తర్వాత నన్నడిగితే లాభం లేదు మరి!"

"ఇమాం గారి అంగీలున్నాయి."

"అంగీలా! నీ ఇస్త్రీపెట్టె కంటే నీ కడుపే ఎక్కువ కాలుతోందయ్యా," అని నవ్వింది ఆవిడ.

అతను పట్టించుకోలేదు. ఇంకాసేపట్లో ఆ సంచి విప్పడం ఖాయమన్న ధీమాతో ఇంటికొచ్చి, రానన్న సంగతి చెప్పాడు. ఫిక్రియా ఉడికించిన గుడ్లు గుడ్డలో మూటకడుతోంది. చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ మూట బిగించింది.

"సరే. కూర చేసిపెట్టాను, వేడి చేసుకు తిను. నేను పోయొస్తా."

"ఒక్కదానివే?"

"వ్యానంతా మనవాళ్ళేగా! ఏటా సంచి సర్దటం, ఏటా విప్పటం. ఇంక నావల్ల కాదు, బయ్యూమీ. మోకాళ్ళు పూర్తిగా పడిపోకముందు ఒక్కసారి సముద్రంలో నిలబడొస్తా."

అతను విప్పని సంచివైపు ఓసారి చూశాడు. గబగబా కొట్లోకి పోయి, అప్పటికే ఇస్త్రీ అయిన అంగీనే మళ్ళీ తోయడం మొదలెట్టాడు.

సాయంత్రపు అసర్ నమాజు అవగానే వ్యాను వచ్చి కొట్టు ముందు ఆగింది. జనం, చాపలు, తపేలాలు, అరుపులు. అతని సీట్లో హమాదా వాళ్ళమ్మ చెల్లెలు ఒళ్ళో పుచ్చకాయ పెట్టుకుని అప్పుడే కుదురుకు కూర్చుంది. నీలం గౌనులో ఫిక్రియా మెట్టు మీద కాలు పెట్టింది. ఆ కుచ్చిళ్ళు చూస్తే అతనికి ఆగలేదు.

"అంఫూషీలో మీ రిజ్క్‌కి నా సలాములు చెప్పు!"

ఆమె వెనక్కి తిరిగింది. కాసేపు అర్థం కానట్టు చూసింది.

"రిజ్కా? రిజ్క్ పోయి ఎన్నేళ్ళయిందయ్యా! పడవ మీదినుంచి పడి పోయాడు, దేవుడు కరుణించాలి. మా అన్న ఫోన్ చేసి చెప్పాడు. నువ్వప్పుడు ఇక్కడే పెట్టె తోస్తున్నావు."

"నాకు చెప్పలేదేం?"

"ఆ పేరెత్తితే పళ్ళేలు ఎగిరేవి ఇంట్లో. నీకెలా చెప్పను?"

గుండె తేలికపడాలి నిజానికి. పడలేదు. చచ్చినవాడి మీద ఇంకా ఎక్కువ అసూయ పుట్టింది. ఆమె వాడికోసం ఈ ఇంట్లోనే ఏ మూలో ఏడ్చి ఉంటుంది. అదే రోజు అతనికి అన్నం పెట్టి ఉంటుంది. ఏ రోజది? ఎంత వెతుక్కున్నా అతనికి తట్టలేదు.

"మరి అంఫూషీకెందుకు?" అన్నాడు నీరసంగా.

"చేపలకయ్యా!"

"ఆవేళ ఇసుకలో వాడు నీ చెవిలో ఏమన్నాడు? అంతగా నవ్వావే?"

"ఏవేళ?" అందామె. నిజంగానే ఆమెకు గుర్తులేదు.

డ్రైవరు హారన్ కొట్టాడు. బయ్యూమీ వ్యాను కిటికీ పట్టుకున్నాడు. "హమాదా వాళ్ళమ్మా, ఒక్క సీటు... ఎక్కడో ఓ మూల..."

"ఎక్కడుంది, ఉస్తాద్? నా తలమీద కూర్చుంటావా? చేతులారా నువ్వే ఇచ్చావుగా!"

చెల్లెలు పుచ్చకాయను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. అతను కిటికీ వదిలేశాడు.

ఫిక్రియా ఏదో గుర్తొచ్చినట్టు మెట్టు దిగింది. సంచి అడుగున చెయ్యిపెట్టి కాగితం పొట్లమొకటి లాగి, అందులోవి తీసి కొట్టు గుమ్మం మీద పెట్టింది. "నీకని కొన్నాను, ఇసుకలో బూట్లతో ఏం నడుస్తావని. నువ్వే రానప్పుడు నాకెందుకీ బరువు?" అంది. ఆ మాటలో కోపం లేదు. వెళ్ళి కూర్చుంది. వ్యాను మలుపు తిరిగే దాకా హమాదా వాళ్ళమ్మ చప్పట్లు వినిపిస్తూనే ఉన్నాయి.

బయ్యూమీ లోపలికొచ్చి పెట్టెను పొయ్యి మీద పెట్టాడు. ఇంకో అంగీ పరిచాడు. నోటినిండా నీళ్ళు పట్టాడు గాని చిమ్మలేకపోయాడు. మింగేసి, గుమ్మంవైపు చూశాడు.

కొత్త ప్లాస్టిక్ చెప్పులు, నీలం రంగువి. రెండు జతలు కొని, ఒకదాంట్లో ఎడమదీ, ఇంకోదాంట్లో కుడిదీ ఏరితే గాని అలాంటి జత కుదరదు. గుమ్మం మీద అవి పక్కపక్కనే ఉన్నాయి, ఎడమది మామూలుది, కుడిది బాగా పెద్దది, వెడల్పుది.