థీసిస్‌లో నా పేరు

లూసీమారా రాసిన థీసిస్‌లో నా పేరు మరియా అని చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ పిల్ల మా లిబెర్దాది పేటలో అకరజేలని అలసంద గారెలు వేయించి అమ్మే ఆవిడ కూతురు. ఇళ్ళల్లో పనిచేసుకుంటూ మేము ఈ సాల్వడార్ నగరంలో సంఘం ఎలా కట్టామన్న దానిమీద డాక్టరేట్ చేస్తోంది. ఆదివారం ఆదివారం మా ఇంట్లో కూర్చుని నా మాటలన్నీ రికార్డు చేసుకుంది. నా కాఫీ కూడా తాగింది.

"ఏమే, నేను మరియానా?" అన్నాను, కాగితాలు బల్లమీద పడేసి.

"పేర్లు మార్చాలని రూలు పెద్దమ్మా. మీకేం ఇబ్బంది రాకూడదని."

"నేను పనిచేసిన ప్రతి ఇంట్లోనూ మరియా అనే పిలిచారు. వల్దెలీసి అనడానికి వాళ్ళకు నోరు తిరగలేదట! మా పేర్లతో మమ్మల్ని పిలవండి అనేగా సంఘం పెట్టింది? ఇప్పుడు నువ్వు కూడానా?"

పిల్ల మొహం చిన్నబోయింది. "యూనివర్సిటీలో అడిగి చూస్తాను" అని వెళ్ళింది. పాపం, అడిగింది కూడా. థీసిస్‌లో ఉన్న ఆరుగురమూ ఒప్పుకుంటే అసలు పేర్లే వేయవచ్చన్నారట.

సంఘం గదిలో అందరం కలిశాం. మిగతావాళ్ళు వెంటనే సరేనన్నారు. జాసిరా మాత్రం తల వంచుకుని కూర్చుంది. మాలో ఇంకా పనికి వెళ్తున్నది అదొక్కతే.

"నా పేరు వద్దు. నేను పనిచేసే ఇంటి అమ్మగారి చెల్లెలు ఆ యూనివర్సిటీలోనే పాఠాలు చెబుతుంది. తెలిస్తే మర్నాడే పొమ్మంటారు."

"అయితే నీ ఒక్కదాని పేరు మారిస్తే సరి," అన్నాను.

"మీ అందరి పేర్లూ ఉంటే మిగిలింది ఎవరో కనిపెట్టలేరా? ఎప్పుడూ కలిసే తిరిగాం కదే."

నాకు కోపం వచ్చింది. ఊరేగింపులో నా పక్కన జెండా పట్టుకున్న మనిషి ఇంత పిరికిదైపోయిందేమిటని. కానీ దాని మోకాళ్ళ వాపు కనబడుతూనే ఉంది. ఈ వయసులో దానికి ఇంకో ఇంట్లో పని ఎవరిస్తారు? దాన్ని రోడ్డున పడేయడానికా సంఘం పెట్టింది?

"సరేలేవే, ఎవరి పేర్లూ వద్దు," అన్నాను. అన్నానే గానీ నాకు చాలా బాధగా ఉంది.

జాసిరా నా వంక చూసింది. "మరియా మాత్రం వద్దులే. నాకు మా అమ్మ పేరు పెట్టమను. తెయొదోరా. ఆ పేరు ఆ ఇంటి అమ్మగారికి ఏం తెలుసు? ఎన్నడైనా అడిగితే కదా!"

తర్వాత ఒక్కొక్కరం మా అమ్మల పేర్లు చెప్పాం.

వైవా రోజున జాసిరా పనికి పోయింది. మిగిలినవాళ్ళం మంచి బట్టలు వేసుకుని వెళ్ళి, మేమెవరమో ఎవరికీ చెప్పకుండా వెనక వరసలో కూర్చున్నాం. పెద్ద ప్రొఫెసరు కళ్ళజోడు సర్దుకుని నా మాట పైకి చదివాడు: "'సెలవు అడిగితే జాలిపడ్డారు. జాలి ఎందుకండీ, ఆదివారం ఇవ్వండి.' ఎర్మీనియా గారితో నేను ఏకీభవించను. ఆ జాలే కదా చివరికి పనివాళ్ళకు సెలవు చట్టం తెచ్చింది?"

ఎర్మీనియా గారు! మా అమ్మ. ఊళ్ళోవాళ్ళ బట్టలు ఉతికీ ఉతికీ పోయింది. ఆమెను ఎవరూ ఏనాడూ గారు అనలేదు.

"చట్టం తెచ్చింది జాలి కాదు సర్, సంఘం కట్టిన ఆడవాళ్ళు. ఎర్మీనియా గారి మాటే సరైనదని నా వాదన," అంది లూసీమారా. ఇద్దరూ పట్టువదలకుండా చాలాసేపు వాదించుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు, మొహం దాచుకోనూ లేదు. బతికున్నన్నాళ్ళూ మా అమ్మ నోరు తెరిస్తే, మాట పూర్తయ్యేదాకా ఆగి విన్నవాళ్ళు లేరు.