మచ్చలు పోయినంక

మూడేళ్ల కింద మా బాపు రాజలింగం గుండెకు స్టెంటు వేశారు. రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల గోలీలు ఏడాదిపాటు వేసుకొమ్మన్నారు. నెల తిరగకముందే ఆయన ముంజేతుల మీద నీలం మచ్చలు లేచాయి. బాపు వాటిని మా ఊరు కథలాపూర్ అంతా తిరిగి చూపించాడు. కల్లు మండువ దగ్గర చొక్కా చేతులు మడిచి మరీ కూర్చునేవాడు. "కరీంనగర్ మందు, పవర్ గట్లనే ఉంటది" అంటే అందరూ తలలూపారు. ఏడాది నిండేదాకా ఒక్క గోలీ తప్పలేదు. తప్పనిస్తేగా మా అమ్మ ముత్తమ్మ, రోజూ నీళ్లు, గోలీ చేతిలో పెట్టి మింగేదాకా నిలబడేది.

పోయిన వానాకాలం అమ్మకు గుండెపోటు వచ్చింది. ఆమెకూ స్టెంటు, ఆమెకూ అవే రెండు గోలీలు, ఆమెకూ ఏడాది. డాక్టరమ్మ ఒక మాట ఎక్కువ చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

"ఈ మందులతో ఆడవాళ్లకు రక్తం కారడం కొంచెం ఎక్కువ. మచ్చలొచ్చినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా నా దగ్గరికి రండి. మందు మార్చాలా, ముందే తగ్గించాలా నేను చూస్తాను. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు."

బాపు బుద్ధిమంతుడిలా తలూపాడు.

రెండో నెలలో అమ్మ చేతులు నీలమయ్యాయి. అమ్మ బీడీలు చేస్తుంది. కంపెనీలో కట్టలు అప్పజెప్పాలంటే చేతులు చాపాలి, దాచుకునే వీల్లేదు. పక్కింటి కల్పన చూసింది. సాయంత్రం బాపు ఎదురుపడితే అడిగేసింది.

"గీ వయసుల చెయ్యి చేసుకునుడేంది మామా? పాణం బాగలేని మనిషాయె."

"నేనేడ కొట్టిన? గోలీలకు అచ్చినయ్."

"అందరు గట్లనే అంటరు."

మా బాపు అమ్మ మీద ఎన్నడూ చెయ్యెత్తలేదు, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. కానీ ఆయన ఒంటి మీదుంటే మందు పవర్ అయిన మచ్చ, అమ్మ ఒంటి మీదికి రాగానే మొగుడి దెబ్బ ఎట్లయింది? బాపు ఆ మాట ఊరిని అడగలేదు. అమ్మను డాక్టరమ్మకు చూపించలేదు. తన ఇజ్జత్ పోతోందని ఆ రెండింట్లో ఒక రకం గోలీ పూర్తిగా మానిపించాడు. "డాక్టరమ్మకు ఫోన్ చేసిన. ఆడోళ్లకు రెండు నెలలు చాలంట" అని అబద్ధం చెప్పాడు. అమ్మ నమ్మింది.

మచ్చలు పోయాయి. బాపు ఆమెను కోరుట్లలో ఒక పెళ్లికి వెంటబెట్టుకుని పోయాడు, పొట్టి చేతుల జాకెట్టులో, అందరూ చూసేటట్టు.

ఆ పెళ్లికి పోయొచ్చిన పదోరోజు స్టెంటు మూసుకుపోయింది. నేను సిరిసిల్లలో కుట్టుమిషను వదిలేసి పరుగెత్తేసరికి అమ్మను జగిత్యాల నుంచి కరీంనగర్ పంపించేశారు. అక్కడ ఇంకో స్టెంటు వేశారు. అమ్మ బతికింది.

"గోలీ ఎవరు ఆపమన్నారు?" అని డాక్టరమ్మ అడిగింది.

"మీరే గద మేడం" అంది అమ్మ. తనకెవరూ ఫోనే చేయలేదని డాక్టరమ్మ అంటే అమ్మ బాపు వైపు తిరిగింది.

బాపు గోడ వంక చూశాడు. నాకు కోపం కూడా రాలేదు, అసహ్యం వేసింది. కన్నతండ్రి మీద అట్లా అనిపిస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

ఏడాది మళ్లీ మొదటి రోజు నుంచి మొదలైంది. ఈసారి డాక్టరమ్మ మందు మార్చింది. అయినా నాలుగు మచ్చలు లేచాయి. నేనే తీసుకుపోయి చూపించాను. భయం లేదు, గోలీలు ఆపొద్దంది.

నిన్న కల్పన పండ్లు పట్టుకుని పలకరించడానికి వచ్చింది. ఆమె చూపు ముందు అమ్మ చేతుల మీద పడింది, తర్వాత బాపు మీదికి పోయింది. ఆయన నోరు తెరిచేలోపే అమ్మ అంది:

"కొట్టలే బిడ్డా. గీ మచ్చలున్నన్ని దినాలు నన్నెవ్వలు కొట్టలే. మచ్చలు పోయినంకనే కొట్టిండు."