సారా రాసిన ఒక్క కార్డు

తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కేటప్పటికే శివరామయ్యకు మోకాళ్లు పట్టేశాయి. డెబ్బై నాలుగేళ్ల మనిషి. వెళ్లక తప్పదు. స్నేహితుడు యాకోబు పోయి పదకొండు రోజులైంది. ఈ రోజు వాళ్లింట్లో ఆదరణ కూడిక. పాటలు, ప్రార్థన అయ్యాక పోయినవాడిని ఎరిగినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి. మొదట చెప్పాల్సింది శివరామయ్యేనని పాస్టరు గారు ఫోన్లో ముందే చెప్పారు.

డెబ్బై ఒకటి యుద్ధంలో ఇద్దరూ ఒకే రోజు శత్రువులకు చిక్కారు. పాకిస్తాన్‌లో ఏడాది పాటు ఒకే బారక్‌లో ఖైదీలుగా ఉన్నారు. అప్పటికి ఒకడికి ఇరవై ఒకటి, ఇంకొకడికి ఇరవై. తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఏటా డిసెంబరులో, విడుదలైన తేదీన, యాకోబు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టేవాడు. "సారా రాసిన కార్డే నన్ను బతికించింది" అని సాక్ష్యం చెప్పేవాడు. శివరామయ్య ఒక్క ఏడాది కూడా మానకుండా వెళ్లేవాడు. ఆ మాట వచ్చేసరికి తల దించుకునేవాడు.

యాకోబు ఇంటి ముందు షామియానా కింద కూర్చోగానే యాకోబు మనవరాలు పింకీ వచ్చింది.

"తాతయ్యా, నానమ్మ పెరట్లోకి రమ్మంటోంది. కూడిక మొదలవకముందే రావాలట."

యాకోబు భార్య సారా గిన్నెలు తోమే గట్టు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. ఎదురుగా ఇంకో కుర్చీ వేయించి ఉంచింది.

"కాఫీ తాగారా అన్నయ్యగారూ?"

"తాగానమ్మా."

"అబద్ధం. ఇంకా కాచనే లేదు."

శివరామయ్య నవ్వబోయి ఊరుకున్నాడు.

"మీరిప్పుడు సాక్ష్యం చెబుతారు. అంతకుముందు నాకొకటి తెలియాలి. ఆయన్ని అడగలేకపోయాను. మీరు కూడా పోతే ఇంక అడగడానికి ఎవరూ ఉండరు" అంది. "నేను రాసింది ఒక్కటే కార్డు. అందులో ఏం రాశానో ఆయనకు తెలుసా?"

ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని శివరామయ్య అనుకుంటూనే ఉన్నాడు. ఇంత అలసిపోయాక వస్తుందనుకోలేదు.

"తెలియదమ్మా. ఉన్నదున్నట్టు నేను చదవలేదు."

ఖైదులో తెలుగు ఉత్తరాలు ఇచ్చేవాళ్లు కాదు. తనిఖీ చేసేవాళ్లకు తెలుగు రాదు గనక కార్డు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి. యాకోబు అయిదో తరగతితో ఆపేశాడు. ఎవరి కార్డు వచ్చినా శివరామయ్యే చదివి చెప్పాలి. సారాతో అప్పటికి పెళ్లి మాట మాత్రమే అయింది. ఆమె కార్డు వచ్చిన వారం యాకోబుకు రక్త విరేచనాలు. గోడ పట్టుకుని కూడా లేవలేకపోతున్నాడు. కార్డులో నాలుగు వాక్యాలు. నువ్వు లేవని టెలిగ్రాం వచ్చింది, బతికే ఉన్నావని తెలిసేలోపే నాన్న వేరే సంబంధం ఖాయం చేశారు, నేను ఒప్పుకున్నాను, నన్ను క్షమించు.

"ఎదురు చూస్తున్నానని రాశావని చెప్పాను. ఆ మాటకి సగం రొట్టె తిన్నాడు. మర్నాడు మళ్లీ చదవమన్నాడు. ఇంకెవరైనా చదువుతారేమోనని వాడి చొక్కాతో పాటు కార్డు కూడా ఉతికేశాను. వాడు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత రోజూ సాయంత్రం హాజరు పిలుపయ్యాక నేను కంఠతా చెప్పేవాణ్ని. ఒకటో రెండో కలిపేవాణ్ని కూడా."

సారా గిన్నెల గట్టు వైపు చూస్తూ చెప్పింది.

"ఆయన తిరిగొచ్చి బాపట్లలో మా నాన్న ఇంటి గుమ్మం ఎక్కి 'కార్డు అందింది సారా' అన్నారు. అన్నీ తెలిసి కూడా వచ్చారనుకున్నాను. అందుకే నాన్నకి ఎదురు తిరిగి ఆ సంబంధం వద్దన్నాను. తర్వాత ఏటా అందరి ముందూ ఆ మాటే. నాలుగేళ్లు ఓర్చుకున్నాను. ఆపైన దెప్పుతున్నారనిపించింది. డిసెంబరు వస్తే నెల్లాళ్లు ఆయనతో సరిగ్గా మాట్లాడేదాన్ని కాదు. దాదాపు యాభై డిసెంబర్లు అన్నయ్యగారూ."

"నాదే తప్పమ్మా."

"తప్పొప్పులు తర్వాత. ఏం చదివారో చెప్పండి. అప్పుడెలా చదివారో అలాగే చెప్పండి."

శివరామయ్య గొంతు సవరించుకున్నాడు. ఆ మాటలు ఒక్కటి కూడా మరిచిపోలేదు. "నేను బాగానే ఉన్నాను. నువ్వు వస్తావని నాకు తెలుసు. మా పెరట్లో జామచెట్టు విరగకాసింది. నువ్వొచ్చేదాకా ఎవర్నీ కోయనివ్వను."

"మా ఇంట్లో జామచెట్టెక్కడిది?"

"నాకేం తెలుసు తల్లీ? భట్టిప్రోల్లో మా ఇంట్లో ఉండేది. అదే పెట్టేశాను."

సారా కుర్చీలో ముందుకు వంగింది.

"పెళ్లయ్యాక మొదటిసారి బాపట్ల వచ్చినప్పుడు పెరడంతా తిరిగారు. జామచెట్టు కొట్టించేశారా అత్తయ్యా అని మా అమ్మని అడిగారు. ఈ ఇసకలో మాకు జామచెట్టు ఎప్పుడుంది బాబూ అందామె. ఆయన బావిగట్టు మీద కూలబడి ఒకటే నవ్వు. కళ్లెంబడి నీళ్లొచ్చేదాకా నవ్వారు. 'ఓరి శివరాముడూ' అన్నారు. ఎందుకంటే చెప్పలేదు. అల్లుడికి ఖైదులో మతి చెడిందని అమ్మ రాత్రి ప్రార్థన పెట్టించింది."

శివరామయ్య అందుకున్నాడు. "అయితే వాడికి..."

"నేనేం రాశానో తెలియదు. మీరు చదివింది నేను రాయలేదని మాత్రం తెలుసు. తెలిసే ఏటా ఆ సాక్ష్యం చెప్పారు. అది చెప్పేటప్పుడు నావైపు చూడరేమని నాకు కోపం. మీవైపు చూసేవారు."

"నేను చూడలేదమ్మా" అన్నాడు శివరామయ్య.

ముందువైపు పాట మొదలైంది. సారా మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది, కొంగు తల మీదకు లాక్కుంది.

"నన్నేం చెప్పమంటావు?"

"మీ ఇష్టం. పిల్లలున్నారని దాచొద్దు. ఇంక నాకు దాచే ఓపిక లేదు."

పాట అయ్యాక పాస్టరు గారు పిలిచారు. శివరామయ్య ముందున్న కుర్చీ వీపు పట్టుకుని లేచాడు. ఎవరో మైకు అందించారు. ముందు వరసలో సారా తలెత్తి చూస్తోంది. ఈసారి అతను తల దించుకోలేదు.

"మా యాకోబుకి ఇంగ్లీషు రాదండి" అని మొదలుపెట్టాడు.